లీప్ సెకను దగ్గర లాగులో మైనస్ ఎందుకు వచ్చింది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. పాత లాగులు (సర్వర్ తను చేసిన పనులను రాసుకునే రికార్డులు) తిరగేస్తుంటే 2016 డిసెంబర్ 31 అర్ధరాత్రి (ప్రపంచ ప్రామాణిక టైమ్ యూటీసీ ప్రకారం) దగ్గర ఒక రిక్వెస్టుకు పట్టిన సమయం మైనస్ 0.7 సెకన్లు అని కనిపించింది. అదే క్షణానికి పక్క సర్వర్ లాగులో ఏ తేడా లేదు. ఇది లీప్ సెకను (గడియారాలకు అప్పుడప్పుడు కలిపే అదనపు సెకను) పనేనా? 2035 నాటికి లీప్ సెకన్లు ఆగిపోతాయంటున్నారు కదా, ఇక పట్టించుకోకుండా వదిలేయొచ్చా? బయటి నుంచి డేటా దిగుమతి చేసుకుంటున్నామని కూడా రాశారు.

మొదటిదానికి జవాబు అవును. రెండోదానికి కాదు. ఆ మైనస్‌కు కారణమైన తప్పు మీ ప్రోగ్రాములో రోజూ ఉంది, లీప్ సెకను దాన్ని ఒక రాత్రి బయటపెట్టింది. "ఇప్పుడు టైమ్ ఎంత?" అని అడగాల్సిన గడియారాన్ని మీరు "ఎంతసేపు పట్టింది?" అని అడుగుతున్నారు. చాలా ఏళ్లుగా సర్వర్లు చూసుకుంటున్న వాడిగా చెబుతున్నాను, టైమ్‌కి సంబంధించి నేను చూసిన తలనొప్పుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క పొరపాటు దగ్గరే మొదలయ్యాయి.

ముందు ఆ సెకను ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 1967లో సెకనుకు కొత్త నిర్వచనం ఇచ్చారు. సీజియం-133 పరమాణువు తాలూకు ఒక నిర్దిష్ట తరంగం 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 సార్లు కంపించడానికి పట్టే కాలమే సెకను. ఆ లెక్క మారదు. భూమి అలా కాదు. ఆటుపోట్ల వల్ల దాని భ్రమణం అతి నెమ్మదిగా తగ్గుతూ వస్తుంది. భూగర్భంలో ద్రవంగా ఉన్న భాగం కదలికలు, గాలులు, కరిగే మంచు దాన్ని అటూ ఇటూ లాగుతుంటాయి. రోజుకు ఒకటి రెండు మిల్లీసెకన్ల తేడా అయినా పోగుపడితే కొన్నాళ్లకు ఒక సెకను అవుతుంది. పరమాణు సెకన్లతో నడిచే యూటీసీకీ భూమి తిరుగుడు చెప్పే టైమ్‌కూ మధ్య తేడా ఒక సెకను దాటకూడదని 1972లో నియమం పెట్టుకున్నారు, ఇప్పుడు ఆ హద్దు 0.9 సెకను. తేడా అక్కడికి వచ్చేలా ఉంటే జూన్ చివర్లోనో డిసెంబర్ చివర్లోనో ఒక సెకను కలుపుతారు. మొదటిది 1972 జూన్ 30న వచ్చింది, ఇరవై ఏడోది 2016 డిసెంబర్ 31న. ఆ తర్వాత ఇంతవరకూ ఇంకోటి రాలేదు. 1972లోనే 10 సెకన్ల తేడాతో మొదలుపెట్టారు కాబట్టి ఇప్పుడు లీప్ సెకన్లు కలపని పరమాణు కాలమానం టీఏఐ, యూటీసీ కన్నా 37 సెకన్లు ముందుంది.

లీప్ సంవత్సరాన్ని నాలుగుతో భాగించి, వందల దగ్గర సరిచూసి కనిపెట్టేయొచ్చు. లీప్ సెకనుకు అలాంటి సూత్రం లేదు. ఐఈఆర్‌ఎస్ అనే అంతర్జాతీయ సంస్థ భూమిని గమనించి, దాదాపు ఆరు నెలల ముందు "ఈసారి ఉంది" లేదా "ఈసారి లేదు" అని ప్రకటిస్తుంది. అంటే 2030లో ఒక తేదీకి సరైన యూటీసీ సెకన్లు లెక్కగట్టే ప్రోగ్రామును ఈరోజు ఎవరూ రాయలేరు. ఉన్నదల్లా ఒక పట్టిక. ఆ పట్టికకు గడువు తేదీ కూడా ఉంటుంది, గడువులోగా కొత్తది తెచ్చుకోవాలి. ప్రోగ్రామర్లను నిజంగా ఇబ్బంది పెట్టేది ఇదే.

ఇప్పుడు కంప్యూటర్ లోపలికి వెళ్దాం. యూనిక్స్ కాలం అంటే 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్ల సంఖ్య అని పుస్తకాల్లో రాస్తారు. అది పూర్తి నిజం కాదు. యూనిక్స్ తరహా సిస్టమ్‌లు పాటించే పోసిక్స్ ప్రమాణం ప్రకారం ప్రతి రోజుకూ కచ్చితంగా 86,400 సెకన్లే. 86,401 సెకన్లున్న రోజు అనేది అందులో లేనే లేదు. 2016 చివరి నిమిషాన్ని తీసుకోండి. 23:59:59కి యూనిక్స్ సంఖ్య 1483228799. తర్వాత వచ్చిన లీప్ సెకను 23:59:60. సూత్రం ప్రకారం దాని సంఖ్య 1483228800. ఆ వెంటనే వచ్చిన జనవరి 1, 00:00:00 సంఖ్య కూడా 1483228800. రెండు వేర్వేరు క్షణాలకు ఒకే సంఖ్య వచ్చిందన్నమాట. ఒకసారి ఆ సంఖ్య డేటాబేస్‌లో పడ్డాక అది ఏ క్షణమో విడదీసి చెప్పే దారి లేదు. 1972 మొదటి రోజు నుంచి 2017 మొదటి రోజు దాకా యూనిక్స్ సంఖ్యలు తీసివేసి చూసినా నిజంగా గడిచిన కాలం కన్నా 27 సెకన్లు తక్కువే వస్తుంది.

లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నింటికీ ఆధారమైన భాగం) దీన్ని ఎలా దాటుతుందంటే, గడియారాన్ని వెనక్కి తిప్పుతుంది. కంప్యూటర్ల గడియారాలను నెట్‌వర్క్ మీదుగా సరిచేసే పద్ధతి ఎన్‌టీపీ. దాని ప్యాకెట్‌లో రెండు బిట్ల చిన్న జాగా ఉంటుంది. అందులో 01 వస్తే "ఈరోజు చివరి నిమిషంలో 61 సెకన్లు", 10 వస్తే "59 సెకన్లు" అని అర్థం. ఆ సంకేతం అందిన కెర్నల్ ఒక జెండా పెట్టుకుని, అర్ధరాత్రి కాగానే ఒక సెకను వెనక్కి జరుగుతుంది. 23:59:59 రెండుసార్లు నడుస్తుంది.

మీ మైనస్ 0.7 అక్కడే పుట్టింది. ఉదాహరణకు రిక్వెస్టు 23:59:59.8కి వచ్చి, నిజంగా 0.3 సెకనులో పూర్తయింది అనుకోండి. మామూలు రోజైతే ముగింపు 00:00:00.1. ఆ రోజు మధ్యలో గడియారం సెకను వెనక్కి వెళ్లింది కాబట్టి ముగింపు 23:59:59.1 అని నమోదైంది. 59.1లోంచి 59.8 తీసేస్తే మైనస్ 0.7. మీ లాగు అబద్ధం చెప్పలేదు, గడియారం చూపించినదాన్నే రాసింది.

అదే క్షణానికి పక్క సర్వర్ శుభ్రంగా ఉందంటే అది దాదాపు ఖాయంగా స్మియర్ చేసిన టైమ్ తీసుకుంటున్నట్టు. దాని గురించి కాసేపట్లో చెబుతాను.

మీకు లాగులో ఒక తప్పుడు అంకె వచ్చింది, అంతటితో పోయింది. కొందరికి అలా పోలేదు. 2012 జూన్ 30 రాత్రి లినక్స్ కెర్నల్ సెకనును వెనక్కి తిప్పింది గానీ, లోపల టైమర్లను చూసే భాగానికి ఆ సంగతి చెప్పలేదు. ఆ భాగం ఒక సెకను ముందే ఉండిపోయింది. సెకను కన్నా తక్కువ సేపు నిద్రపోవాలని అడిగిన ప్రతి థ్రెడ్‌నూ (ప్రోగ్రాములో విడిగా నడిచే పనిని) "నీ టైమ్ ఎప్పుడో అయిపోయింది" అని వెంటనే లేపేసేది. అది మళ్లీ పడుకుంటానని అడిగేది, మళ్లీ లేపేసేది. జావా ప్రోగ్రాములు, డేటాబేసులు సీపీయూను నూటికి నూరు శాతం తినేశాయి. రెడిట్, మొజిల్లా లాంటి పెద్ద సైట్లు ఇబ్బంది పడ్డాయి. విరుగుడు మాత్రం చాలా చిన్నది. డేట్ కమాండుతో ఇప్పుడున్న టైమ్‌నే మళ్లీ సెట్ చేస్తే చాలు. అలా సెట్ చేసినప్పుడు కెర్నల్ టైమర్లకు కూడా కబురు పంపేది, అంతా సర్దుకునేది. ఆ రాత్రి రీబూట్ చేసి గట్టెక్కిన వాళ్లు చాలామంది ఉన్నారు, నేనూ అందులో ఒకణ్ని. కారణం తెలిసింది తెల్లారాకే.

మీ కేసుకు ఇంకా దగ్గరగా ఉండేది మీరు చూస్తున్న ఆ రాత్రే క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ సేవల సంస్థకు జరిగింది. వాళ్ల డీఎన్ఎస్ సర్వర్ (సైట్ల పేర్లకు చిరునామాలు చెప్పేది) గో భాషలో రాసింది. ఏ రిజాల్వర్ (ఆ చిరునామాలు వెతికిపెట్టే సర్వర్) ఎంత త్వరగా జవాబిస్తుందో కొలిచి, ఆ కొలతను బట్టి ఒకదాన్ని ఎంచుకునేది. కొలతకు మామూలు గడియారమే వాడారు. లీప్ సెకను దగ్గర ఆ కొలత మైనస్‌లోకి పోయింది. ఆ అంకె వెళ్లి ఒక ర్యాండమ్ సంఖ్యల ఫంక్షన్‌లో పడింది. సున్నా గానీ మైనస్ గానీ ఇస్తే ఆ ఫంక్షన్ ప్రోగ్రామును కూల్చేస్తుంది. కోడ్ రాసిన వాళ్లు సున్నా వస్తుందేమోనని చూసుకున్నారు, మైనస్ వస్తుందని ఊహించలేదు. కాలం వెనక్కి వెళ్తుందని ఎవరు మాత్రం అనుకుంటారు? "సున్నాకు సమానమైతే" అని ఉన్న చోట "సున్నా లేదా అంతకన్నా తక్కువైతే" అని ఒక్క అక్షరం మార్చి సరిచేశారు. ఆ తర్వాత 2017లోనే గో 1.9 వచ్చింది. అందులో టైమ్ విలువతోపాటు మోనోటానిక్ విలువను కూడా తనంతట తానే దాచుకునే ఏర్పాటు చేశారు.

మీ కోడ్‌కూ మందు అదే. ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్‌లోనూ కనీసం రెండు గడియారాలుంటాయి. ఒకటి గోడ గడియారం, తేదీ, టైమ్ చెబుతుంది, ఎవరైనా ముందుకూ వెనక్కీ జరపొచ్చు. రెండోది మోనోటానిక్ గడియారం, అది ముందుకే వెళ్తుంది. లీప్ సెకను దాన్ని తాకదు, అడ్మిన్ టైమ్ మార్చినా తాకదు. అది చూపించే అంకెకు విడిగా అర్థం లేదు, రెండు అంకెల తేడాకే అర్థం. జావాలో కరెంట్‌టైమ్‌మిల్లిస్ బదులు నానోటైమ్, పైథాన్‌లో టైమ్ మాడ్యూల్‌లోని మోనోటానిక్, సీ ప్లస్ ప్లస్‌లో స్టెడీ క్లాక్, బ్రౌజర్‌లో పెర్ఫార్మెన్స్ నౌ. టైమవుట్లు, రీట్రైలు, రేట్ లిమిట్లు, లాకుల గడువులు, "ఎంతసేపు పట్టింది" అన్న ప్రతి కొలతా దీని మీదే ఉండాలి. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఒక మెషీన్ మోనోటానిక్ విలువను ఇంకో మెషీన్‌కు పంపి పోల్చొద్దు, డిస్కు మీద రాసి రీబూట్ తర్వాత పోల్చొద్దు. గోలో కూడా టైమ్ విలువను జేసన్‌గా మార్చిన క్షణమే ఆ మోనోటానిక్ భాగం పోతుంది.

ఈ మార్పు చేస్తే లీప్ సెకను ఒక్కటే కాదు, ఎన్‌టీపీ మామూలు రోజుల్లో గడియారాన్ని ఒక్కసారిగా జరిపినప్పుడు వచ్చే తేడాలు, వర్చువల్ మెషీన్ కాసేపు ఆగి మళ్లీ లేచినప్పుడు గోడ గడియారంలో వచ్చే గెంతులు, ఇవన్నీ మీ కొలతలను పాడుచేయడం మానేస్తాయి. వదిలేయొద్దని అన్నది ఇందుకే.

ఇక స్మియర్. సెకనును ఒక్కసారిగా పెట్టకుండా, గంటల తరబడి గడియారాన్ని రవ్వంత నెమ్మదిగా నడిపి ఆ సెకనును కరిగించేయడం. గూగుల్ ఈ పద్ధతిని 2008లో తన సర్వర్లలో మొదలుపెట్టింది. ఇప్పుడు ఎక్కువగా వాడేది మధ్యాహ్నం నుంచి మధ్యాహ్నం దాకా 24 గంటల స్మియర్, అమెజాన్ కూడా ఇదే. ప్రతి సెకనూ దాదాపు 11.6 మైక్రోసెకన్లు సాగుతుంది. ఎవరికీ తెలియదు, ఏ ప్రోగ్రామూ ఉలిక్కిపడదు. గడియారం వెనక్కి వెళ్లదు, 60 అనే అంకె ఎక్కడా కనిపించదు. మీ పక్క సర్వర్‌లో 0.3 సెకన్ల రిక్వెస్టులో వచ్చిన తప్పు మూడున్నర మైక్రోసెకన్లు, లాగులో అది కనిపించనే కనిపించదు.

నా అభిప్రాయంలో మామూలు వెబ్ సర్వీసులకు స్మియరే మంచిది. కానీ దాన్ని సగం సగం వాడటం అసలు వాడకపోవడం కన్నా ప్రమాదం. ఇది నేను అనుభవించి చెబుతున్నాను. 2016 చివర్లో నేను పనిచేసిన చోట ఎన్‌టీపీ కాన్ఫిగరేషన్‌లో నాలుగు టైమ్ సర్వర్లుండేవి. రెండు స్మియర్ చేసేవి, రెండు చేయనివి. నాలుగు ఉంటే భద్రమని ఎప్పుడో ఎవరో రాసి పెట్టారు, మేమూ అలాగే ఉంచేశాం. డిసెంబర్ 31 యూటీసీ మధ్యాహ్నం 12కి స్మియర్ మొదలైంది. సెకనుకు 11.6 మైక్రోసెకన్లంటే మూడు గంటలు దాటేసరికి తేడా 128 మిల్లీసెకన్లు అవుతుంది. గడియారాన్ని మెల్లగా సర్దడం మానేసి ఒక్కసారిగా గెంతించడానికి ఎన్‌టీపీడీ (మెషీన్‌లో ఎన్‌టీపీని నడిపే ప్రోగ్రాము) పెట్టుకున్న హద్దు అదే. నలుగురు సాక్షుల్లో ఇద్దరు ఒకటి చెబితే ఇద్దరు ఇంకోటి చెప్పినట్టయింది. ఎవరిది తప్పో తేల్చే మెజారిటీ లేదు. కొన్ని మెషీన్లు ఒక జతను నమ్మాయి, మిగిలినవి రెండో జతను. అర్ధరాత్రికి స్మియర్ మెషీన్లు అర సెకను వెనకబడి ఉన్నాయి. లీప్ సెకను దాటగానే అవే అర సెకను ముందుకు వచ్చాయి.

మా డేటాబేస్ క్లస్టర్ "చివరగా రాసిందే నిలుస్తుంది" అన్న పద్ధతిలో నడిచేది. ఏది చివరిదో టైమ్‌స్టాంప్ చూసి తేల్చేది. ఒక మెషీన్ అర సెకను ముందుంటే, దాని మీద ముందు రాసిన పాత విలువ, వెనకున్న మెషీన్ మీద కాస్త ఆగి రాసిన కొత్త విలువను ఓడించేస్తుంది. ఏ ఎర్రరూ రాదు. వెంటవెంటనే రెండుసార్లు మార్చిన రికార్డుల్లో కొన్నింటికి రెండో మార్పు కనిపించకుండా పోయింది. ఏవేవి పోయాయో వెతకడానికి చాలా రోజులు పట్టింది, అన్నీ దొరికాయని ఇప్పటికీ గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేను. మీ రెండు సర్వర్లు వేర్వేరుగా ప్రవర్తించాయని చదవగానే నాకు టెన్షన్ వచ్చింది అందుకే. ఆ మైనస్ అంకె కన్నా ఆ తేడా పెద్ద సమస్య. ముందు మీ మెషీన్లన్నీ ఏ టైమ్ సర్వర్లను అడుగుతున్నాయో ఒక్కొక్కటిగా చూడండి. అన్నీ స్మియర్, లేదా అన్నీ మామూలు. మధ్యరకం వద్దు.

స్మియర్ అందరికీ పనికిరాదు. ఐరోపా యూనియన్‌లో అతివేగంగా షేర్ల ట్రేడింగ్ చేసే సంస్థల గడియారాలు యూటీసీకి 100 మైక్రోసెకన్లలోపు ఉండాలని నిబంధన ఉంది. అర సెకను దూరం జరిగే గడియారం అక్కడ చెల్లదు. అలాంటి చోట్ల ప్రెసిషన్ టైమ్ ప్రొటోకాల్ వాడతారు. అది లోపల టీఏఐ కాలాన్ని మోసుకెళ్తూ, యూటీసీకి తేడా ఎంతో పక్కన విడిగా చెబుతుంది. నన్నడిగితే మొదటి నుంచీ అన్నీ ఇలాగే ఉండాల్సింది. జీపీఎస్ కూడా అంతే. దాని కాలం 1980 జనవరి 6న మొదలై లీప్ సెకన్లు లేకుండా నడుస్తుంది, ఇప్పుడు యూటీసీ కన్నా 18 సెకన్లు ముందుంది.

ఈ 18 దగ్గరే ఇంకో సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇది రాని లీప్ సెకను వల్ల వచ్చిన బగ్గు. జీపీఎస్ రిసీవర్లను చదివే జీపీఎస్‌డీ అనే ప్రోగ్రాములో ఒక సరిచూపు ఉండేది. 2022 చివరికల్లా ఆ 18 కాస్తా 19 అవుతుందని రాసినవాళ్లు అనుకున్నారు. జీపీఎస్ కాలం మొదలైనప్పటి నుంచి లెక్కపెట్టే వారం సంఖ్య 2180 దాటినా లీప్ సెకన్లు ఇంకా 19 కన్నా తక్కువే ఉంటే, వారం సంఖ్య తప్పని తీర్మానించి దాన్లోంచి 1024 తీసేసేలా రాశారు. భూమి వాళ్ల అంచనా ప్రకారం నడవలేదు, లీప్ సెకను రాలేదు. 2021 అక్టోబర్ 24న వారం సంఖ్య ఆ గీత దాటింది. పాచ్ (సరిచేసిన కోడ్) వేసుకోని మెషీన్లు 2002 మార్చికి వెళ్లిపోయాయి. టైమ్ గురించి భవిష్యత్తును కోడ్‌లో రాయడం ఎంత ప్రమాదమో దీన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు.

మీరు డేటా దిగుమతి చేసుకుంటున్నారని కూడా రాశారు కాబట్టి ఒక మాట. బయటి నుంచి 23:59:60 అనే టైమ్ వస్తే అది చెల్లే టైమే. ఇంటర్నెట్‌లో తేదీ, టైమ్ రాసే ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 3339 దాన్ని ఒప్పుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ దాన్ని తీసుకుని తర్వాతి నిమిషం సున్నా సెకనుగా మార్చేస్తుంది. పైథాన్ డేట్‌టైమ్ మాత్రం సెకన్లు 0 నుంచి 59 మధ్యే ఉండాలంటూ ఎర్రర్ ఇస్తుంది. ఏం చేయాలో ముందే నిర్ణయించుకోండి. 59కి తగ్గిస్తారో, తర్వాతి నిమిషానికి జరుపుతారో మీ ఇష్టం. ఫైలు మొత్తం ఆగిపోవడం మాత్రం జరగకూడదు.

2035 సంగతి. 2022 నవంబర్‌లో తూనికలు, కొలతల అంతర్జాతీయ సర్వసభ్య సమావేశం తీసుకున్న నిర్ణయం ప్రకారం, ఆ 0.9 సెకన్ల హద్దును 2035లోగా పెంచుతారు. కనీసం వందేళ్లు సర్దాల్సిన అవసరం రాకుండా చూడాలన్నది ఉద్దేశం. కానీ అప్పటిదాకా పాత నియమమే అమల్లో ఉంటుంది. ఈలోగా భూమి కాస్త వేగం పుంజుకుంది. 2022 జూన్ 29న రోజు 24 గంటల కన్నా దాదాపు 1.59 మిల్లీసెకన్లు తక్కువైంది. ఇలాగే సాగితే సెకను కలపడం కాదు, తీసేయాల్సి వస్తుంది. 23:59:58 తర్వాత నేరుగా 00:00:00. భూభౌతిక శాస్త్రవేత్త డంకన్ ఆగ్న్యూ 2024లో వేసిన లెక్క ప్రకారం అది 2029 ప్రాంతంలో అవసరం కావచ్చు. ధ్రువాల మంచు కరగకపోతే ఇంకా ముందే వచ్చేదట. చరిత్రలో ఇంతవరకూ ఒక్కసారి కూడా సెకను తీసేయలేదు. ఎన్‌టీపీలోని ఆ 10 సంకేతానికి రాసిన కోడ్ దశాబ్దాలుగా ఉంది, నిజంగా నడిచింది లేదు. కలిపే సెకను 27 సార్లు వచ్చాక కూడా 2017లో కొత్త బగ్గు బయటపడింది. మొదటిసారి వచ్చే తీసివేత ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఆ పాత రికార్డు విషయానికొస్తే, మైనస్ 0.7కు 1 కలిపి సరిచేయొచ్చు, కానీ అర్ధరాత్రి గీతను దాటిన రిక్వెస్టులకే. పూర్తిగా గీతకు ఇవతలో అవతలో ఉన్నవాటిని ముట్టుకోకండి. స్మియర్ సర్వర్ లాగులను అసలు ముట్టుకోవద్దు. ఆ 24 గంటల్లో రెండు సర్వర్ల మధ్య ఏది ముందు జరిగిందో తేల్చాల్సి వస్తే అర సెకను లోపు తేడాలను నమ్మకండి, రిక్వెస్టు ఐడీ పట్టుకుని వెళ్లండి.

కోడ్ మార్చాక పరీక్షించడానికి నిజమైన లీప్ సెకను కోసం ఎదురుచూడక్కర్లేదు. నెట్‌వర్క్ తీసేసిన ఒక వర్చువల్ మెషీన్‌లో ఎన్‌టీపీ ఆపేయండి, టైమ్‌ను యూటీసీ 23:59:50కి పెట్టండి, అడ్జ్‌టైమెక్స్ కాల్‌తో సెకను కలిపే జెండా ఎత్తండి. కెర్నల్ ఏ తేదీ అని చూడదు, ఆ రోజు చివర్లోనే సెకను కలిపేస్తుంది. మీ సర్వీసును దాని మీద నడుపుతూ పది సెకన్లు లాగు చూడండి. తర్వాత మళ్లీ టైమ్ వెనక్కి పెట్టి, ఈసారి సెకను తీసేసే జెండాతో చూడండి. మైనస్ ఎక్కడ కనిపించినా ఆ లైను నంబరుతో ఇక్కడ రాయండి, చూస్తాను.